ఊదేవారి ఊపిరి - వినేవారి వాదం

మా బళ్ళారిలో తెలుగువారి ఇంట పెళ్ళి జరిగితే మూడు రకాల ఊదుడు వాద్యాలు ఒకే రోజున వినబడుతూంటాయి. ఊరేగింపులో బ్యాండుమేళంవారి ట్రంపెట్లు. ముహూర్తానికి పందిట్లో డోలు సన్నాయి. మేళంవారు భోజనాలకు లేచిన వేళ, ఎవరో పుణ్యాత్ములు పెట్టే ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ గారి షెహనాయి రికార్డు. మొదటిది దొరల దండు బ్యాండులను చూచి మనవాళ్ళు నేర్చినది. దండు పోయింది, బాకా నిలిచింది. రెండవది కావేరి దాకా పరచుకొన్న దక్షిణాది విద్య. మూడవది ధార్వాడ, హుబ్బళ్ళి వైపు నుంచి మనకు అంటిన హిందూస్తానీ రుచి. గుంతకల్లు నుంచి హుబ్బళ్ళి పోయే రైలు బళ్ళారి మీదుగా పోయినట్లే, ఈ సంగీతాలు కూడ మన ఊళ్ళోనే ఒకదానికొకటి ఎదురవుతూంటాయి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు పొలాల మధ్య హద్దురాళ్ళు పడ్డాయి. చెవులకు మాత్రం ఎవరూ హద్దు వేయలేకపోయారు.

మూడు సంగీతాలు వినేచోట వాదాలు కూడ మూడింతలు ఉండడం సహజం. నాలుగు మాసాలకొకసారి పదిమందిమి చేరినప్పుడు మా మధ్య జరిగే చర్చ దాదాపు ఒక్కలాగే సాగుతుంది. రైలుశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దాయన ఒకరు, "వేళ్ళు చూడప్పా, వేళ్ళు! తీగమీద నీళ్ళు జారినట్లు జారుతాండాయి" అంటారు. బ్యాంకులో పనిచేసే కుర్రవాడు, "వేళ్ళదేముంది మామా, గుండెలో దిగాల గదా" అంటాడు. పక్కనున్న మరొకరు, "అదంతా ఫలానావారి బాణీ. ఈయన సొంతం యేముంది అందులో?" అని తేల్చేస్తారు. ఇక చూడండి, కాఫీలు చల్లారిపోతాయి.

ఈ మూడు మాటలనే కొంచెం విడదీసి చూడాలని ఈ వ్యాసం. పనితనం, ప్రాణం, పరంపర - ఈ మూడింటిని మనం వేరువేరు గిన్నెల్లో పెట్టి తూచుతూంటాం. అవి నిజంగా వేరువేరా? ఈ వాదం మన ఒక్కరిదేనా? వాదించి మనం సాధించేదేమిటి?

బళ్ళారికి వాదం కొత్తగాదు

కళాకారుని గురించి పట్టుదలగా వాదించుకోవడం ఈ ఊరివారికి తాతలనాటి అలవాటు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరస వినోదినీ సభ ఒకవైపు, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ మరొకవైపు, రెండు నాటక సమాజాలు పోటాపోటీగా నడచిన ఊరు ఇది. ఆ గాలిలో పెరిగినవారే బళ్ళారి రాఘవ (1880-1946). వృత్తికి వకీలు, ప్రవృత్తికి నటుడు. తెలుగు రంగస్థలం మీద పద్యాన్ని రాగం తీసి పాడితేగాని చప్పట్లు పడని ఆ రోజుల్లో, రాఘవ పాటకన్న పలుకుకు, రాగాలాపన కన్న పాత్ర మనస్సుకు పెద్దపీట వేశారు. పాటగాడే గొప్ప నటుడనేవారికీ, నటనలో జీవం ఉండాలనేవారికీ మధ్య నలిగిన ప్రశ్న కూడ ఇదే: పనితనమా, ప్రాణమా? ఆయన షేక్స్పియరును చదివి షైలాకుగా, ఒథెల్లోగా నటించినవారు గనుక మూడో ప్రశ్న కూడ వెంటనే వస్తుంది: ఇది మనదా, ఎరువు తెచ్చుకొన్నదా?

కాబట్టి మనం కాఫీ చల్లార్చుకొంటూ వాదించుకొనే వాదానికి వంశవృక్షం ఉన్నది. అయితే ఇదే వాదం సముద్రాలకు ఆవల, ట్రంపెట్ అనే బాకా చుట్టూ నూరేళ్ళుగా సాగుతున్నదని మనలో చాలామందికి తెలియదు. ముందు ఆ సంగతి చెప్పుకొని తర్వాత మన సన్నాయి దగ్గరకు వద్దాం. పొరుగింటి తగవు విన్న తర్వాత మన ఇంటి తగవు కొంచెం తేటగా కనిపిస్తుంది.

బాకాకు మూడే మీటలు

అమెరికాలోని నల్లజాతివారి కష్టసుఖాల నుంచి, చర్చి పాటల నుంచి, ఊరేగింపు బ్యాండుల నుంచి పుట్టినది జాజ్ సంగీతం. దానికి పుట్టిల్లుగా చెప్పుకొనేది న్యూ ఆర్లియన్స్ పట్టణం. మన రాగాలాపనలోలాగే అందులోనూ వాయించేవాడు అప్పటికప్పుడు అల్లుకొంటూ పోతాడు. అందుకే వినేవారికి అంత పట్టింపు: రాసిపెట్టినది అప్పజెప్పడం కాదు గనుక, పలికే ప్రతి స్వరానికీ ఆ మనిషే పూచీ.

ట్రంపెట్‌కు ఉన్నవి మూడే మీటలు. సన్నాయికున్నట్లు దానికి పీక లేదు. వాయించేవాని పెదవులే పీక. ఒకే మీట నొక్కి పెదవుల బిగింపు, ఊపిరి వేగం మార్చితే వేరువేరు స్వరాలు పలుకుతాయి. అంటే మనకు కనబడే వేళ్ళ పని సగమే. మిగతా సగం నోటిలోపల జరుగుతుంది. బుగ్గలు ఉబ్బించరాదని ట్రంపెట్ నేర్పే గురువుల మొదటి పాఠం. డిజ్జీ గిలెస్పీ (1917-1993) బుగ్గలు కప్పలాగ ఉబ్బించి ఊదేవాడు. అట్లా ఊదుతూనే, తన కాలంలో అందరికన్న ఎత్తున, అందరికన్న వడిగా వాయించినవాడుగా పేరు తెచ్చుకొన్నాడు. 1953లో ఒక విందులో ఎవరో మీద పడి అతని ట్రంపెట్ గొట్టం పైకి వంగిపోతే, ఆ వంకరే బాగుందని అటుపై అటువంటివే చేయించుకొన్నాడు. పనితనానికి సూత్రాలు రాసేవారికి డిజ్జీ ఎప్పుడూ ఒక చిక్కుప్రశ్న.

అతనికి ఎదురుగా రసికులు నిలబెట్టేది మైల్స్ డేవిస్‌ను (1926-1991). కుర్రతనంలో అతడు డిజ్జీలాగ పై స్థాయిలో వడిగా వాయించాలని ఆరాటపడ్డాడు, సాధ్యపడలేదు. ఎందుకు నావల్ల కావడం లేదని డిజ్జీనే అడిగాడట. నీకు పై స్థాయిలో వినబడడం లేదు, నీకు మధ్య స్థాయిలోనే వినబడుతుంది, అందుకని - అన్న అర్థంలో డిజ్జీ జవాబు చెప్పినట్లు మైల్స్ తన ఆత్మకథలో రాసుకొన్నాడు. ఆ తర్వాత మైల్స్ పది స్వరాలు వేసేచోట మూడు వేసి, తక్కినచోట మౌనం ఉంచడం నేర్చాడు. 1959లో వెలువడిన అతని 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డును ఇప్పటికీ జనం కొనుక్కొని వింటూనే ఉన్నారు.

అభిమానులు ఇక్కడే చీలిపోయారు. మైల్స్‌కు చేతగాకనే తక్కువ వాయించాడు, దాన్నే గొప్ప అని మీరు పొగుడుతున్నారని ఒక పక్షం. చేతగానిచోట తన చోటు వెతుక్కోవడమే చేతనైనతనమని మరో పక్షం. మాకు మాత్రం డిజ్జీ జవాబులోనే తీర్పు ఉన్నదనిపిస్తుంది. వాయించేవాడు వేళ్ళతోనో పెదవులతోనో మొదలుపెట్టడు, చెవితో మొదలుపెడతాడు. లోపల వినబడినదాన్ని బయటికి తేవడానికి ఎంత అవసరమో అంతే పనితనం.

ప్రాణం సంగతికి వస్తే అందరూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ (1901-1971) పేరు చెబుతారు. 1928లో అతడు ఇచ్చిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు మొదట్లో తక్కిన వాద్యాలన్నీ ఊరకుండగా ఒంటరిగా కొద్ది సెకండ్లు ఊదుతాడు. మన విద్వాంసులు కీర్తనకు ముందు రాగం తీసినట్లుంటుంది. కష్టమైన ఎత్తు స్వరాలను ఏళ్ళ తరబడి బలవంతంగా పలికించడంవల్ల అతని పెదవి దెబ్బతిన్నది. తర్వాతి కాలంలో వాయింపు సరళమయింది. శక్తి తగ్గిందని కొందరు విచారించారు. గొంతు విప్పి పాడినట్లు ఇప్పుడే వాయిస్తున్నాడని కొందరు సంతోషించారు. దెబ్బతిన్న పెదవి ఒకటే, విన్న చెవులు రెండు రకాలు.

దీనికి తారుమారైన కేసు వింటన్ మార్సాలిస్‌ది. 1961లో న్యూ ఆర్లియన్స్‌లోనే పుట్టాడు. 1984లో జరిగిన గ్రామీ సభలో జాజ్‌కూ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికీ ఒకే యేడు బహుమానాలు అందుకొన్నాడు. పనితనంలో వంక పెట్టే మొనగాడు లేడు. అయినా, ఇది మ్యూజియములో దీపం పెట్టి చూపినట్లుంది, పెద్దల మాటలే తిరిగి చెబుతున్నాడనే ఆక్షేపణ అతన్ని విడువలేదు. పెద్దల మాట మరచినవాడు కొత్తది ఏమి చెప్పగలడని అతని పక్షంవారి జవాబు. చూచారా, వాదం చివరికి మూడో ప్రశ్నలోకి, పరంపరలోకి దిగింది.

ఆ పరంపర కథ కూడ సరదాగా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన గురువు జో ఆలివర్‌ను చూచి నేర్చాడు. డిజ్జీ మొదట్లో రాయ్ ఎల్‌డ్రిడ్జ్ అనే మరో వాద్యకారుని అచ్చుగుద్దినట్లు అనుకరించాడు. మైల్స్ డిజ్జీని అనుకరించబోయి మైల్స్ అయినాడు. అనుకరించనివాడు అందులో ఒక్కడూ లేడు.

ఈ బాకా మనకు మరీ దూరం కాదు. గోవాలోని అల్డోనాలో పుట్టిన అంటోనియో గ్జేవియర్ వాజ్ (1916-1967) చిక్ చాక్లెట్ అనే పేరుతో బొంబాయి హోటళ్ళలో ట్రంపెట్ ఊది, 'భారతదేశపు ఆర్మ్‌స్ట్రాంగ్' అనిపించుకొన్నాడు. సి. రామచంద్ర సంగీతంతో 1951లో వచ్చిన 'అల్‌బేలా' హిందీ చిత్రంలో ఆ బాకా మోతకు ఊగని ఊరు లేదు. ఇతనిది అంతా ఆర్మ్‌స్ట్రాంగ్ నకలే అనేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. కాని హిందీ పాటలో ఆ మోతను ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపి గాయకునికి దారి ఇవ్వాలో ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి చెప్పలేదు గదా!

సన్నాయి తగవు

ఇక మన పందిట్లోకి వద్దాం. సన్నాయి, అదే నాదస్వరం, ట్రంపెట్ జాతిది కాదు. దాని నోట రెల్లుతో చేసిన పీక ఉంటుంది. చెక్క గొట్టానికి వేళ్ళు పెట్టే రంధ్రాలు ఏడు. కింద ఉన్న మరికొన్ని రంధ్రాలను మైనంతో మూసి, తెరచి శ్రుతి సరిచేసుకొంటారు. ఏడు రంధ్రాలతోనే రెండున్నర స్థాయిల దాకా, మన రాగాలకు కావలసిన గమకాలన్నీ పలికించాలి. అందుకోసం వేలిని సగం ఎత్తుతారు, పావు ఎత్తుతారు. మిగిలిన పని పెదవిది, ఊపిరిది. తోడిలో గాంధారం ఊగుతుందంటే ఆ ఊపు చెక్కలో ఎక్కడా లేదు, మనిషిలో ఉన్నది.

పూర్వం పొట్టిగా, హెచ్చు శ్రుతిలో గీపెట్టే తిమిరి సన్నాయి వాడుకలో ఉండేది. గుడిలోనుంచి నాలుగు వీధులకూ వినబడాలి గనుక అది అవసరమే. తిరువావడుదురై టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898-1956) పొడుగైన బారి సన్నాయిని చేపట్టి, శ్రుతి దించి, దానిచేత గాత్రం పాడించినంత పని చేశారు. ఒత్తు సన్నాయి స్థానంలో శ్రుతిపెట్టె పెట్టించారు. ఉత్సవంలో నడుస్తూ నిలబడి వాయించే మేళగాణ్ణి కచేరీ వేదిక మీద విద్వాంసునిగా కూర్చోబెట్టారు. ఆయన తోడి వినని సంగీతప్రియుడు దక్షిణదేశంలో ఉండడు. గాయకులు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం గారి రవ్వజాతి సంగతులలో ఆ సన్నాయి నీడ కనిపిస్తుందని అభిజ్ఞులు చెబుతూంటారు. గొంతు నుంచి సన్నాయి నేర్చింది, సన్నాయి నుంచి తిరిగి గొంతు నేర్చింది. ఎవరిది ఎవరికి బాకీ?

ఆయన శిష్యులు కారుకురిచ్చి అరుణాచలం (1921-1964) మనవారికి సినిమా ద్వారా పరిచితులు. 1962లో వచ్చిన తమిళ చిత్రం 'కొంజుం సలంగై' తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వెలువడింది. అందులో ఎస్. జానకిగారి గాత్రమూ, అరుణాచలంగారి నాదస్వరమూ ఒకదాన్నొకటి తరుముకొంటూ పోయే పాటను మన అమ్మలు, అక్కలు ఇంటిపని చేసుకొంటూ పాడుకొన్నారు. ఆ పాటలో ఎక్కడ గొంతు ఆగి ఎక్కడ సన్నాయి అందుకొన్నదో కళ్ళు మూసుకొని గుర్తుపట్టడం ఒక మంచి పరీక్ష. పిల్లలతో ఆడించి చూడండి.

మన వాదాలు ముదిరి పాకాన పడేది మాత్రం షేక్ చినమౌలానా సాహెబ్ (1924-1999) పేరు వచ్చినప్పుడు. ఆయన ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో పుట్టారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తరతరాలుగా సన్నాయి పట్టిన ముస్లిము కుటుంబాలు ఉన్నాయి. రాముల గుడిలో మేలుకొలుపు, ఇంట్లో నమాజు, రెండూ నిష్ఠగా జరిపే ఇళ్ళు. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ గారి దగ్గర చదువు సాగించారు. ఇంతలో రాజరత్నం పిళ్ళైగారి వాదనం ఆయన చెవిని పట్టుకొన్నది. అంతటితో తృప్తిపడక, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల వద్ద శుశ్రూష చేశారు. 1964లో శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి ఆయనను వరించాయి.

మా కూటమిలో ఒక పక్షంవారి మాట ఇది: "మన ఒంగోలు బిడ్డ మన బాణీ వదలి అరవబాణీ తెచ్చుకొన్నాడు. రాజరత్నానికి నీడ అయినాడు. ఎంత బాగున్నా నీడ నీడే." రెండవ పక్షంవారు ఊరుకోరు: "సంగీతానికి అరవమేమిటి, తెలుగేమిటి? త్యాగయ్యగారు తంజావూరు సీమలో కూర్చొని తెలుగు పాడలేదా? ఆ కీర్తనలు అక్కడివారు పెంచి పెద్దచేస్తే, మనవాడు పోయి తన సొత్తు తాను తెచ్చుకొన్నాడు."

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నది గాని, రెండింటికీ చెవితో పని పడలేదన్నది మా అభిప్రాయం. రెండూ ఊరి పేరు మీద, భాష మీద నడచిన వాదాలు. రికార్డు పెట్టి వింటే తేలే సంగతి వేరు. రాజరత్నంగారి తోడిలో ఒక దర్పం ఉన్నది. రాజు నడచివచ్చినట్లు, ఎదుటివారు పక్కకు తప్పుకోవలసిందే అన్నట్లుంటుంది. చినమౌలానాగారు అదే దారిలో నడుస్తారు, అవే మలుపులు తిరుగుతారు. కాని నడక నెమ్మది. ఒక స్వరం మీద నిలిచి, అది నిండేదాకా తొందరపడకుండా, అప్పుడే తర్వాతి మెట్టు ఎక్కుతారు. దారి గురువులది, నడక తనది. నీడ ఎన్నడైనా మనిషికన్న నిదానంగా నడుస్తుందా?

చినమౌలానాగారి కాళ్ళు శ్రీరంగం చేరింది 1964లో. ఆయన చెవి అంతకు ఎంతో ముందే కావేరి ఒడ్డు చేరింది. మైల్స్‌కు మధ్యస్థాయి వినబడినట్లే ఈయనకు తంజావూరు నిదానం వినబడింది. వినబడినదాన్ని పట్టుకొని గురువులను వెతికారు, ఊరు మారారు. పరంపర అంటే బలవంతంగా మీద పడే బరువని కొందరనుకొంటారు. ఆయన విషయంలో అది ఏరికోరి తెచ్చుకొన్నది. ప్రాణమంతా ఆ ఏరుకోవడంలో ఉన్నది. పనితనం దాని వెనుక నడచివచ్చిన సాధన.

తగవు వెనుక తగవు

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మనం "ఇందులో ప్రాణం లేదు" అన్నప్పుడల్లా సంగీతం గురించే మాట్లాడుతున్నామా? ట్రంపెట్ చరిత్రలో ఈ మాట వెనుక చాలాసార్లు చర్మం రంగు దాగి ఉన్నది. నల్లవాడు వాయిస్తే పుట్టుకతో వచ్చిన ప్రాణమని మెచ్చుకొని, అతడు రోజుకు ఎన్ని గంటలు సాధన చేశాడో అడగనివారు ఉన్నారు. ఆ మెప్పులో కూడ ఒక చిన్నచూపున్నది. తెల్లవాడు వాయిస్తే ముందుగానే ప్రాణం లేదని తీర్పు చెప్పినవారూ ఉన్నారు.

మనకు రంగు బదులు కులం, మతం, ఊరు ఉన్నాయి. సన్నాయి వాయించేవారిని శుభకార్యానికి మొదట పిలిచి, పంక్తిలో చివర కూర్చోబెట్టిన సంఘం మనది. రాజరత్నంగారు పట్టు జుబ్బా వేసుకొని, క్రాపు పెట్టుకొని, వేదిక మీద కూర్చొని తీరుతానన్నప్పుడు గర్వమన్నవారు ఆ చరిత్ర మరచినవారే. తురకవారు రామకీర్తన వాయించడం వింత అని నేటికీ ఆశ్చర్యపడేవారున్నారు. కాశీలో బాలాజీ గుడి మెట్ల దగ్గర సాధన చేసిన బిస్మిల్లాఖాన్ గారిని 2001లో భారతరత్నతో దేశం గౌరవించింది. 1977లో మన కన్నడ సోదరులు డా. రాజ్‌కుమార్‌తో 'సనాది అప్పణ్ణ' తీసినప్పుడు అందులో షెహనాయి పలికించింది ఆయనే. మన సీమలో ఆ చిత్రం చూచినవారెవరూ ఆ నాదానిది ఏ మతమని అడగలేదు.

చినమౌలానాగారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చొని వాయిస్తారు. ఆడవారికి అంత ఊపిరి ఎక్కడిదని శంకించేవారు ఒక్కసారి కళ్ళు మూసుకొని వింటే చాలు. ఏ పదం ఎవరి సన్నాయిదో చెప్పలేక ఊరుకొంటారు. 2022లో గోసవీడు షేక్ హసన్ గారికి మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. బతికి ఉండగా ఆయన ఊదిన పందిళ్ళలో ఎంతమంది మాట ఆపి విన్నారో మనమే ఆలోచించుకోవాలి.

వాదించండి, విని వాదించండి

వాదం వద్దని మా అభిమతం కానే కాదు. వాదించేవారున్నచోట వినేవారున్నారన్న మాట. చూడబోతే అమెరికాలోని ఆ బాకా అభిమానులు మనకంటె అదృష్టవంతులు. వాళ్ళు 1928 నాటి రికార్డు మీద ఇప్పటికీ తగవు పడుతున్నారు. మన పందిళ్ళలో సన్నాయి మీద తగవు పడేవారు తగ్గిపోయారు. ఎందుకంటే వినేవారు తగ్గిపోయారు. ముహూర్తం వేళ గట్టిమేళం అని కేకవేసి, ఎవరి తుమ్మూ ఎవరి చెవినా పడకుండా చేయడానికి సన్నాయిని అడ్డుతెరలాగ వాడుకొంటున్నాం. తక్కిన రెండు గంటలు ఆ మేళంవారు మన కబుర్లకు వెనుక మోతగా మిగిలిపోతారు. మూల ఒక స్పీకరు పెట్టి, ఫోనులోంచి సన్నాయి వేసి, మేళమే పిలవని పెళ్ళిళ్ళు కూడ చూస్తున్నాం.

చెవి లేనిచోట విద్య నిలవదు. నాదస్వరాలు చేసే తంజావూరు సీమలోని నరసింగంపేటకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది, మంచిదే. ఆ గుర్తింపు చెక్కను కాపాడవచ్చు. దానిలో ఊదే పిల్లవాడు "నేను నిన్న వేసిన ఆ సంగతి ఎవరైనా గమనించారా?" అని ఎదురుచూస్తాడు. ఆ గమనింపు ఇచ్చేది ప్రభుత్వం కాదు, పందిట్లో మొదటి వరుసలో కూర్చొన్న మనం. వాడు తండ్రి విద్యను పట్టుకొంటాడా, విడిచి ఆటో నడుపుకొంటాడా అన్నది ఆ వరుసలోనే సగం తేలిపోతుంది.

అందుచేత మా మనవి మూడు ముక్కల్లో చెబుతాం.

మొదటిది. ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకొని ఒకే రాగం ఇద్దరు ముగ్గురు వాయించినది వరుసగా వినండి. రాజరత్నంగారి తోడి, ఆ వెంటనే చినమౌలానాగారి తోడి. పేర్లు చెప్పకుండా వినిపిస్తే మరీ మంచిది. ఎవరు వాయించారో తెలియనప్పుడు కులం, మతం, ఊరు, బిరుదు గది బయట ఉండిపోతాయి. యూట్యూబులో అన్నీ దొరుకుతున్న ఈ రోజుల్లో ఇందుకు కానీ ఖర్చు లేదు. వీలైతే మూడోది ఆర్మ్‌స్ట్రాంగ్‌దో, మైల్స్‌దో పెట్టండి. పిల్లలు మనకన్న తొందరగా పోలికలు పడతారు.

రెండవది. మెచ్చినా నొచ్చినా చోటు చూపి చెప్పుకొందాం. "ప్రాణం లేదు" అన్నవారు ఏ పదంలో లేదో చెప్పాలి. "నకలు" అన్నవారు ఎవరి పదం ఎక్కడ దింపాడో, దింపి యేమి మార్చాడో చెప్పాలి. "వేళ్ళు అద్భుతం" అన్నవారు వేళ్ళు ఆగినచోట ఊపిరి యేమి చేసిందో కూడ చెప్పాలి. ఇట్లా నిబంధన పెట్టుకొన్న తర్వాత మా కూటమిలో కేకలు తగ్గి, "ఏదీ, ఆ ముక్క మళ్ళీ వెయ్యి" అనే మాట పెరిగింది. ఇంట్లో పెద్దలముందు మాట్లాడని ఆడపిల్లలు కూడ నోరు విప్పుతున్నారు. రైలుశాఖ పెద్దాయనకూ, బ్యాంకు కుర్రవానికీ మధ్య రాజీ మాత్రం ఇంకా కుదరలేదు. కుదరవద్దనే మా కోరిక.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది. ఈ మాఘంలో మీ ఇంట శుభకార్యం ఉంటే, మాంగల్యధారణ అయిన తర్వాత పదిహేను నిమిషాలు మైకులు కట్టించండి. ఫొటోలవారిని కొంచెం కూర్చోమనండి. మేళంవారిని పేరుపెట్టి పిలిచి, "అయ్యా, మీకు ఇష్టమైన రాగం ఒకటి తీరికగా వినిపించండి" అని అడగండి. వారి ముందు నాలుగు కుర్చీలు వేయించి, వాటిలో మీ తాతగారిని, అమ్మమ్మగారిని, ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టండి. అయిపోయిన తర్వాత సంభావనతో పాటు ఒక మాట చెప్పండి: ఫలానాచోట మీరు నిలిచిన స్వరం బాగుందని. ఆ మాట కోసం ఆ మనిషి ఎన్ని పందిళ్ళు ఎదురుచూచాడో! ఆ పైన భోజనాల దగ్గర కూర్చొని, ఆ రాగం తంజావూరుదా, చిలకలూరిపేటదా, వేళ్ళదా, గుండెదా అని తీరికగా పోట్లాడుకోవచ్చు. మేళంవారిని కూడ అదే పంక్తిలో కూర్చోబెడితే, మన తగవుకు జవాబు చెప్పగలవారు మన పక్కనే ఉంటారు.